మనోరోగి ఎంచుకున్న వీధి

మదీనా పట్టణంలో ఒక స్త్రీ ఉండేది. ఆమె బుద్ధిలో ఏదో కొంత తేడా ఉండేదని హజ్రత్ అనస్ (రజి) తెలిపిన ఉల్లేఖనం సహీహ్ ముస్లిం గ్రంథంలో ఉన్నది. ఒకనాడు ఆమె దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి తనకొక పని ఉన్నదని చెప్పుకున్నది. ఆయన ఆమెను విసుక్కోలేదు. ఇంటివారిని పిలిపించి అప్పగించనూ లేదు. బిడ్డ పేరు కలిపి, తల్లిని పిలిచే మర్యాదతో పిలిచి, ఏ వీధిలో నిలబడి మాట్లాడటం ఆమెకు ఇష్టమో ఆ వీధిని ఆమెనే చూసుకోమన్నారు. ఆ ప్రకారమే ఒక దారిలో ఆమెతో నిలబడి, ఆమె పని తీరేవరకు అక్కడే ఉన్నారు.

ఈ హదీసును వివరిస్తూ ఇమామ్ నవవీ (రహ్మ) ఒక సంగతి గుర్తుచేశారు. అది జనం నడిచే దారి. వచ్చేపోయేవారికి ఆ ఇద్దరూ కనిపిస్తూనే ఉన్నారు, కాని ఆమె మాట మాత్రం ఎవరికీ వినిపించదు. పరాయి స్త్రీతో ఏకాంతం అనే అభ్యంతరానికి సమాధానంగా ఆయన ఈ మాట వ్రాశారు. అయితే నేటి మనోవైద్యులు రోగితో మాట్లాడే చోటు ఎలా ఉండాలని కోరుతారో ఇంచుమించు అదే ఇందులో కనిపిస్తున్నది. చోటు రోగికి అలవాటైనది కావాలి, భయం కలిగించనిది కావాలి, చెప్పుకున్న గుట్టు బయటకు పోనిది కావాలి.

ఈ ఉల్లేఖనాన్ని తెలుగు చేస్తున్నప్పుడు నా కలం ఒక చోట ఆగిపోయింది. మూలంలో ఆమెను గురించి వాడిన మాట ‘షైఉన్’, అనగా ‘ఏదో ఒకటి’. అనస్ (రజి) ఆమెను ‘మజ్నూన్’ అనలేదు. తెలుగులో ‘పిచ్చిది’ అని వ్రాస్తే ఒక్క మాటతో పని అయిపోతుంది, కాని ఉల్లేఖకుడు పాటించిన సంయమనం కాస్తా పోతుంది. చివరకు ‘బుద్ధిలో ఏదో కొంత తేడా’ అని వ్రాసుకున్నాను. ఇప్పటికీ అది సరిపోయిందని అనుకోను.

మాటల విషయం ఇక్కడ చిన్నదేమీ కాదు. అరబ్బీలో ‘జునూన్’ అనే పదానికి మూలధాతువు కప్పివేయడం అనే అర్థాన్ని ఇస్తుంది. చెట్ల నీడ కప్పిన తోట కనుక ‘జన్నత్’, గర్భంలో దాగిన శిశువు కనుక ‘జనీన్’, కంటికి కనిపించని సృష్టి కనుక ‘జిన్’. అదే విధంగా బుద్ధి మీద తెర పడినవాడు ‘మజ్నూన్’. ఒకే ధాతువు నుండి పుట్టినంత మాత్రాన మజ్నూన్ అయిన ప్రతివాడూ జిన్ పట్టినవాడని అర్థం కాదు, తోట జిన్ కానట్టే. కాని మన ఇళ్ళలో జరుగుతున్నది వేరు. ఉర్దూ మాట్లాడే కుటుంబంలో కుర్రవాడు నిద్రపోక, తనలో తాను మాట్లాడుకుంటూ ఉంటే ‘అసర్’ అంటారు, ‘సాయా’ అంటారు. తెలుగే ఇంటిభాషగా గల దూదేకుల కుటుంబంలో ‘గాలి సోకింది’ అంటారు. దిగులుతో మంచం పట్టిన ఆడమనిషి వైద్యుని వద్ద ‘దిల్ ఘబ్రాతా’ అనో, గుండె దడ, ఒళ్ళు మంట, తలలో వేడి అనో చెబుతుంది గాని మనసు బాగాలేదని చెప్పదు. ఆ మాటలు విన్న వైద్యుడు గుండె పరీక్ష వ్రాసి పంపుతాడు. పరీక్షలో ఏమీ కనబడదు. ఏమీ లేదన్న తరువాత ఇక మిగిలేది తావీజు.

రోగి బాధను అతని భాషలో విని అర్థం చేసుకొనే మనిషి ముందుగా అతని వీధిలోనే ఉండాలని, ఆసుపత్రి ఆ తరువాతి మెట్టని మనోవైద్యరంగంలో కొన్ని దశాబ్దాలుగా బలపడుతున్న అభిప్రాయం. సముదాయ మానసిక ఆరోగ్య సేవ అంటున్నది దీనినే. మనదేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైనది. కర్ణాటకలోని బళ్ళారి జిల్లాలో బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి ఒక నమూనా నడిపింది. దాని ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. ఇంత జరిగినా 2015-16లో జరిగిన జాతీయ సర్వేలో, ఆయా రుగ్మతలను బట్టి నూటికి 70 నుండి 92 మంది వరకు చికిత్స అందనివారే అని తేలింది. ఆ మిగిలినవారంతా ఎక్కడికి వెళ్తున్నారు? కొందరు ఎక్కడికీ వెళ్ళరు. చాలామంది దర్గాకో, గుడికో, చర్చికో, ఫూంకేవారి వద్దకో వెళ్తారు.

ఎర్వాడి

తమిళనాడులోని రామనాథపురం జిల్లాలో సముద్రపు ఒడ్డున ఎర్వాడి అనే ఊరున్నది. అక్కడి సుల్తాన్ సయ్యద్ ఇబ్రాహీం షహీద్ దర్గాకు మతిస్థిమితం తప్పినవారిని తీసుకురావడం ఎంతోకాలంగా ఉన్న ఆచారం. ముస్లిములే కాక హిందువులు, క్రైస్తవులు కూడా వచ్చేవారు. రోగికి కలలో అనుమతి లభించేదాకా ఊరు విడవరాదని నమ్మకం. నెలలు, ఏండ్లు గడిచేవి. ఎంతకాలమని ఇంటిల్లిపాదీ అక్కడ కూర్చుంటారు? ఆ అవసరం నుండి దర్గా చుట్టూ ప్రైవేటు వ్యక్తుల ‘మానసిక గృహాలు’ పుట్టుకొచ్చినవి. నెలనెలా డబ్బు పంపితే రోగిని చూసుకుంటారు. చూసుకోవడమంటే తాటాకుల పాకలో గొలుసు వేసి కట్టివేయడం.

2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అటువంటి ఒక గృహానికి నిప్పంటుకున్నది. కాళ్ళకు గొలుసులున్నవారు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. వారం రోజులలోగా ప్రభుత్వం అక్కడి గృహాలన్నీ మూసివేయించి, 500 మందికి పైగా రోగులను తన సంరక్షణలోకి తీసుకున్నది.

ఆ గృహం దర్గాలో భాగం కాదని మనవారు కొందరు అప్పుడు గట్టిగా చెప్పారు. అది నిజమే. దానిని నడిపినవారికి శిక్ష పడవలసిందే అన్నారు, అదీ నిజమే. కాని గొలుసుకు రెండు కొనలుంటాయి. ఒక కొన పాకలోని గుంజకు ఉంటే, రెండవ కొన ఎక్కడో దూరాన ఉన్న ఇంట్లో ఉన్నది. ఆ ఇంటివారు దుర్మార్గులు కారు. కొడుకు రాత్రంతా అరుస్తుంటే ఇరుగుపొరుగు ఇల్లు ఖాళీ చేయమన్నారు. పెళ్ళికెదిగిన చెల్లెలికి సంబంధాలు తప్పిపోతున్నవి. దగ్గరలో ఉన్న సర్కారు దవాఖానాలో ఈ జబ్బుకు మందు లేదు, పెద్ద ఆసుపత్రి రెండు బస్సులు మారి వెళ్ళవలసిన దూరం. మసీదులో ఎవరితోనైనా చెప్పుకోవడానికి నోరు రాదు. వారికి తెరచి ఉన్న తలుపు ఒక్కటే కనబడింది, అది ఎర్వాడిలో ఉన్నది.

ఈ దుర్ఘటనను సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకున్నది. 2002లో ఇచ్చిన ఆదేశాలలో, మనోరోగులను గొలుసులతో బంధించడం చట్టవిరుద్ధమని, వారిని గుళ్ళకు దర్గాలకు కాక వైద్యుల వద్దకు పంపవలెనని ప్రజలలో ప్రచారం చేయాలని ప్రభుత్వాలకు చెప్పింది. న్యాయస్థానం ఉద్దేశంలో తప్పు పట్టడానికి లేదు. అయితే అదే 2002లో ఒక వైద్య పరిశోధన కొంచెం వేరు సంగతి చెప్పింది.

ఆ పరిశోధన నిమ్‌హాన్స్‌తో సంబంధమున్న కొందరు మనోవైద్యులు చేసి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. తమిళ ప్రాంతంలో ముత్తుస్వామి అనే పేరుగల ఒక చిన్న గుడిలో బస చేసిన 31 మంది రోగులను వారు పరీక్షించారు. అక్కడ మందులు లేవు, ప్రత్యేకమైన తంతు అంటూ ఏమీ లేదు. గొలుసులూ లేవు. రోగితోపాటు ఇంటివారొకరు ఉంటారు, గుడి ఊడ్చడం, మొక్కలకు నీళ్ళు పోయడం వంటి చిన్న పనులలో పాలుపంచుకుంటారు. సగటున ఆరు వారాల బస తరువాత రోగలక్షణాల తీవ్రతను కొలిచే అంకెలు దాదాపు అయిదవ వంతు తగ్గినవి. పరిశోధకులు దీనికి కారణం తంతులో వెదకలేదు. భయపెట్టని చోటు, పక్కన అయినవారు, చేతికి పని, తిరస్కరించని జనం, ఇవే కారణమై ఉండవచ్చునన్నారు.

ముప్పైఒక్క మందితో చేసిన పరీక్ష కొండంత రుజువు కాదు. మందులు అక్కరలేదని దాని అర్థమూ కాదు. స్కిజోఫ్రీనియా వంటి తీవ్రవ్యాధులలో చికిత్స ఆలస్యమైనకొద్దీ వ్యాధి లొంగడం కష్టమవుతుందన్నది స్థిరపడిన విషయం. కాని ఎర్వాడి పాకలోను, ఆ చిన్న గుడిలోను ఉన్న తేడా మాత్రం చాలా స్పష్టం. రెండూ ఆరాధనాస్థలపు నీడలోనివే. ఒకచోట రోగి మనుషుల మధ్య ఉన్నాడు, మరొకచోట గుంజకు ఉన్నాడు.

దవా, దువా

గుజరాతులోని మెహసానా జిల్లా ఉనావా గ్రామంలో సయ్యద్ అలీ మీరా దాతార్ దర్గా ఉన్నది. మనోరోగుల విషయంలో ఉత్తర భారతమంతటా పేరున్న చోటు ఇది. ఇక్కడ 2008లో ఆల్ట్రూయిస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ, గుజరాతు ప్రభుత్వ ఆరోగ్యశాఖ కలసి ఒక ఏర్పాటు చేసినవి. దాని పేరు ‘దవా-దువా’. మందు, ప్రార్థన.

జనాన్ని దర్గాకు రావద్దనలేదు. వైద్యుడే దర్గాకు వచ్చాడు. దర్గా ఆవరణలోనే చికిత్సాకేంద్రం పెట్టారు. అన్నిటికన్నా ముఖ్యమైనది ముజావర్లకు ఇచ్చిన శిక్షణ. తమ ఎదుట కూర్చున్న మనిషిలో నిద్రలేమి, లేనిపోని మాటలు వినబడటం, మూర్ఛ, చనిపోవాలనే ఆలోచన వంటి గుర్తులు ఎట్లా పసిగట్టాలో వారికి నేర్పారు. ముజావర్ తన దువా తాను చేస్తాడు, ఆ తరువాత తానే రోగిని వైద్యుని వద్దకు పంపుతాడు. వచ్చినవారికి ఇది ఆజ్ఞాపాలన వంటిది. ప్రభుత్వ ప్రకటన చదివి ఆసుపత్రికి పోనివాడు, ముజావర్ చెబితే పది అడుగులు నడిచి పోతాడు. మందు ఉచితం. సేవకులు మొదట్లో సందేహించారు. తమ జీవనోపాధి పోతుందనే భయం, తమ నమ్మకాన్ని ఎగతాళి చేస్తారేమోననే అనుమానం, రెండూ ఉండటం సహజమే. ఎవరినీ ఎగతాళి చేయకపోవడం వల్లనే ఆ ఏర్పాటు నిలిచింది. తరువాతి కాలంలో తమిళనాడు ప్రభుత్వం ఇదే పద్ధతిని ఎర్వాడికి కూడా తెచ్చింది.

దర్గాలకు వెళ్ళడం విషయంలో మన పాఠకులలో అభిప్రాయభేదాలు ఉన్నవని నాకు తెలుసు. కొందరికి అది పూర్వీకుల ఆచారం, మరికొందరికి తౌహీద్‌కు భంగకరం. ఆ చర్చకు ఈ త్రైమాసికంలోనే వేరే పుటలున్నవి. ఇక్కడ ప్రశ్న వేరు. బుద్ధి మీద తెర పడిన మనిషి, అతని వెంట అలసిపోయిన తల్లి ఇప్పటికే ఒక చోటికి వెళ్ళి కూర్చున్నారు. అది సరైన చోటు కాదని వాదించి గెలిచేలోగా వారికి మందు అందించడమా, మానడమా? మదీనా వీధిలో ఆ స్త్రీ ఎక్కడ నిలబడాలో నిర్ణయించే అధికారం ఆమెకే ఇవ్వబడినది.

మందు తీసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధమనే వాదన ఇప్పటికీ వినబడుతుంటుంది. రోగాన్ని పంపిన అల్లాహ్ దానికి చికిత్సను కూడా పంపాడని తెలిపే హదీసు బుఖారీలో ఉన్నది. ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖనంలో చికిత్స చేసుకోమనే ఆదేశమే ఉన్నది. ఏ హదీసులోను దేహరోగానికి ఒక ధర్మం, మనోరోగానికి మరొక ధర్మం అని లేదు. రుఖ్యా చదివించడం, మందు మింగడం ఒకదానికొకటి అడ్డురావు. అడ్డువచ్చేది, మందు మానితేనే నా దువా పనిచేస్తుందని చెప్పే మనిషి. జిన్‌ను వెళ్ళగొట్టే నెపంతో కొట్టడం, వాతలు పెట్టడం, ఆకలితో మాడ్చడం అయితే షరీఅత్ దృష్టిలో దౌర్జన్యమే. దెబ్బ తగిలేది జిన్‌కు కాదు.

గర్వపడవలసినవి, పడరానివి

ఇటువంటి వ్యాసంలో బీమారిస్తాన్ ప్రస్తావన రాకపోతే పాఠకులకు వెలితిగా ఉంటుంది. 1154 ప్రాంతంలో నూరుద్దీన్ జంగీ దమిష్క్‌లో కట్టించిన వైద్యాలయం, 1284లో సుల్తాన్ ఖలావూన్ కైరోలో స్థాపించిన మన్సూరీ వైద్యాలయం, 1488లో రెండవ బాయజీద్ ఎదిర్నేలో నెలకొల్పిన దారుష్షిఫా మనందరికీ తెలిసిన పేర్లే. ఖలావూన్ వక్ఫ్‌నామాలో ధనిక, పేద, స్త్రీ, పురుష, స్థానిక, పరదేశి భేదం లేకుండా అందరినీ చేర్చుకోవాలని వ్రాయించారు. ఎదిర్నేలో మతిచెడినవారికి వారానికి మూడుసార్లు సంగీతం వినిపించేవారని పదిహేడవ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ వ్రాశాడు. రోగి చికిత్సకు అయ్యే ఖర్చును తరతరాలపాటు వక్ఫ్ ఆదాయం భరించడం నిజంగా గర్వించదగినదే.

కాని ఆ ఫౌంటెన్ల గురించి, సంగీతం గురించి చెప్పి మనం ఆగిపోతాము. పన్నెండవ శతాబ్దంలో బాగ్దాదు చూసిన యూదు యాత్రికుడు తుదేలా బెంజమిన్ అక్కడి మారిస్తాన్‌ను మెచ్చుకుంటూనే, మతి తప్పినవారిని బుద్ధి తిరిగివచ్చేవరకు ఇనుపగొలుసులతో ఉంచేవారని వ్రాశాడు. కోలుకున్నారా అని అధికారులు నెలనెలా విచారించేవారట, కోలుకున్నవారిని ఇంటికి పంపేవారట. ఫెజ్ నగరపు వైద్యాలయంలో యౌవనంలో గుమాస్తాగా పనిచేసిన హసన్ అల్ వజ్జాన్ (యూరపులో లియో ఆఫ్రికానస్‌గా ప్రసిద్ధుడు) అక్కడి మతిచెడినవారి గొలుసులను, వారిపై పడే దెబ్బలను దాచలేదు. ఎర్వాడి గొలుసును ఏదో అజ్ఞానపు గ్రామీణాచారమని మనం తోసివేయలేము. అది మన గొప్ప వైద్యాలయాలలో కూడా ఉన్నదే. కరుణ ఉన్నచోట కూడా గొలుసు ఉండగలదని ఆ కాలపు సాక్షులే చెబుతున్నారు.

ఆ వారసత్వంలో నాకు భవనాలకన్నా ఒక పుస్తకం ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. హిజ్రీ 322, అనగా క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ వ్రాసిన ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్’. దేహాల క్షేమం, మనసుల క్షేమం అని దాని భావం. రెండవ భాగం మనసుదే. దీని వ్రాతప్రతి ఇస్తాంబుల్‌లోని అయాసోఫియా సంగ్రహంలో ఉండగా, ఫువాద్ సెజ్గిన్ 1984లో ఫ్రాంక్‌ఫర్టు నుండి యథాతథ ప్రతిరూపాన్ని ప్రచురించారు. సూడాను దేశపు మనస్తత్వవేత్త మాలిక్ బద్రీ రెండవ భాగాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు, అది 2013లో వెలువడింది.

బల్ఖీ మనసు బాధలను కోపం, భయం, దుఃఖం, వస్వాస్ అని నాలుగుగా చూశాడు. దుఃఖంలో రెండు రకాలు చెప్పాడు. ఒకటి అయినవారిని, ఆస్తిని పోగొట్టుకున్నందువల్ల కలిగేది. రెండవది ఏ కారణమూ కనబడకుండా మనిషిని పట్టుకొని, తిండి మీద, సుఖం మీద రుచి చంపేది. మొదటిదానికి మాట మందు. రెండవదానికి మూలం దేహంలో ఉన్నది కనుక దేహచికిత్స కావాలన్నాడు. నేటి వైద్యులు కూడా మాటతో తగ్గే దిగులును, మందు అవసరమయ్యే దిగులును వేరుచేసి చూస్తారు. వస్వాస్ పట్టినవాడు ఒంటరిగా ఉండరాదని, జనంలో ఉండాలని, తన ఆలోచన మీద తనకు నమ్మకం లేనప్పుడు నమ్మదగిన మిత్రుని ఆలోచన తీసుకోవాలని కూడా చెప్పాడు.

నేను మదరసాలో చదువుకొనే రోజులలో ఒక సహాధ్యాయి వుజూ చేయడానికి గంటసేపు తీసుకొనేవాడు. మోచేయి తడిసిందో లేదోనని మళ్ళీ మొదటికి వచ్చేవాడు. చలికాలంలో చేతులు పగిలి నెత్తురు కారేది. మేము నవ్వేవాళ్ళము. కొందరు అతన్ని గొప్ప భక్తుడనుకున్నారు. మా ఉస్తాద్ ఒకరు మాత్రం ఒక లోటా నీళ్ళు కొలిచి చేతికిచ్చి, అది అయిపోతే వుజూ అయినట్టే, సందేహం వస్తే పాపం నా మెడకు అని చెప్పి, రోజూ పక్కన నిలబడేవారు. కొన్ని వారాలు కొంత మేలనిపించింది. ఉస్తాద్ ఊరికి వెళ్ళగానే మళ్ళీ అదే పరిస్థితి. చివరకు ఆయనే అతన్ని వెంటబెట్టుకొని ఆసుపత్రికి తీసుకుపోయారు. అది ఒక వ్యాధి అని, దానికి మందు, అలవాటు మార్చే అభ్యాసం రెండూ ఉన్నవని మాకు అప్పుడు తెలిసింది. ఆ ఉస్తాద్ బల్ఖీని చదివి ఉండరు. కాని పక్కన నిలబడటం, అది చాలనప్పుడు చేయి పట్టుకొని వైద్యుని వద్దకు తీసుకుపోవడం, రెండూ ఆయనకు తెలుసు.

బల్ల మీద కూర్చున్న అవ్వలు

ఆఫ్రికాలోని జింబాబ్వే దేశంలో లక్షలాది జనానికి వేళ్ళ మీద లెక్కించదగిన మనోవైద్యులే ఉండేవారు. వారిలో ఒకరైన డాక్టర్ డిక్సన్ చిబాండా వద్ద చికిత్స పొందుతున్న ఒక యువతి, ఆసుపత్రికి రావడానికి బస్సు చార్జీ లేక రాలేకపోయి ఆత్మహత్య చేసుకున్నది. ఆ తరువాత 2006లో ఆయన హరారే నగరంలోని ఎంబారే పేటలో పధ్నాలుగురు వృద్ధస్త్రీలకు శిక్షణ ఇచ్చి పని మొదలుపెట్టారు. వారు పెద్ద చదువులు చదివినవారు కారు. ఆ పేటవారందరికీ తెలిసిన అవ్వలు. ఆరోగ్యకేంద్రం బయట చెట్టు నీడలో ఒక చెక్కబల్ల, దాని మీద ఒక అవ్వ, పక్కన బాధ చెప్పుకొనే మనిషి. అందుకే దానిని స్నేహబల్ల అంటారు.

అక్కడ కూడా మాట దగ్గరే చిక్కు తీరింది. ‘డిప్రెషన్’ అంటే ఎవరికీ తెలియదు. షోనా భాషలో ‘కుఫుంగిసిసా’ అనే మాటున్నది, అతిగా ఆలోచించడం అని దాని అర్థం. అవ్వలు ఆ మాటే వాడారు. మన వీధులలో ‘ఆలోచనలు ఎక్కువైనవి’, ‘సోచ్ జ్యాదా హోగయా’ అనడం వంటిదే. అవ్వ ముందుగా ఉపదేశం చేయదు, వింటుంది. సమస్యలన్నీ చెప్పించి, వాటిలో ముందు తీర్చుకోదగినది ఒకటి అతనిచేతనే ఎంపిక చేయిస్తుంది. దానికొక చిన్న దారి ఆలోచించి, వచ్చేవారం ఏమైనదో చెప్పమంటుంది. ప్రాణాపాయపు గుర్తులు కనబడితే వెంటనే పైవారికి పంపుతుంది. 573 మందితో జరిపిన పరీక్షలో, మామూలు చికిత్స పొందినవారికన్నా బల్ల మీద కూర్చున్నవారిలో ఆరునెలల తరువాత బాధ గణనీయంగా తగ్గినట్లు తేలింది. 2016లో అమెరికన్ వైద్యసంఘ పత్రిక దానిని ప్రచురించింది.

అది చదివినప్పుడు నాకు మన మొహల్లాలలోని ఆపాలు, ఖాలాలు, నానీలు గుర్తుకువచ్చారు. గల్ఫ్‌కు పోయిన భర్త రెండేండ్లుగా రాలేదు, అత్తవారింట్లో ఒక గది, చేతిలో ఫోను, రాత్రిళ్ళు నిద్ర లేదు. కడపలో, కరీంనగర్‌లో, నిజామాబాద్‌లో ఇటువంటి ఇల్లు లేని వీధి ఏది? ఆమె మగవైద్యుని ముందు కూర్చోదు, మసీదు కమిటీ ముందుకు రాదు. వీధిలో ఖుర్ఆన్ చదువు చెప్పే ఆపా దగ్గరకు వస్తుంది. ఆ ఆపాకు వినడం నేర్పితే, ఎవరి వద్దకు పంపాలో చెబితే, విన్నది మరొకరికి చెప్పరాదనే అమానత్ గుర్తుచేస్తే, ఆ వీధిలో సేవ మొదలైనట్టే. తిరిగివచ్చిన మగవాని బాధ వేరు. అప్పు తీరలేదు, బిడ్డలు కొత్తవాడిలా చూస్తారు, ఇంట్లో మాట చెల్లదు. అతనికి ఆపా పనికిరాదు, ఇషా తరువాత మసీదు అరుగు మీద కాసేపు కూర్చోగల వయసుమళ్ళిన మనిషి కావాలి. పరీక్ష తప్పిన కుర్రవానికి ఈ ఇద్దరూ కాక మరొకరు. అందరికీ ఒకే బల్ల చాలదు. అందువల్లనే ఆమెను వీధి ఎంచుకోమన్నారని నేను అనుకుంటాను.

అపస్మారం గల ఒక స్త్రీ దువా కోరి వచ్చినప్పుడు దైవప్రవక్త (స) ఆమెకు సహనమా, స్వస్థతకై దువానా అనే ఎంపిక ఇచ్చారు. ఆమె సహనాన్ని ఎంచుకుంటూనే, మూర్ఛ వచ్చినప్పుడు తన ఒంటి మీది వస్త్రం తొలగకుండా ఉండేందుకు దువా చేయమని కోరింది, ఆయన చేశారు. బుఖారీలో ఉన్న ఈ ఉల్లేఖనాన్ని రోగులకు సహనం బోధించడానికే వాడుతుంటారు. ఆమె అడిగినది మర్యాద అన్న సంగతి ఎవరూ చెప్పరు.

చట్టం, డబ్బు, ఫోను

2018 మే 29 నుండి అమలులోకి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనోరోగిని ఏ విధంగానూ గొలుసులతో బంధించరాదన్నది. మత్తుమందు ఇవ్వకుండా విద్యుత్ చికిత్స చేయడాన్నీ నిషేధించింది. ఈ నిషేధం ఆసుపత్రికే కాదు, దర్గాకు, ప్రార్థనామందిరానికి, ఇంటి వెనుక గదికి కూడా వర్తిస్తుంది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, వారికి సంరక్షణ కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని కూడా ఆ చట్టమే చెప్పింది. ఆత్మహత్య హరామ్ అన్న కారణంతో మన కుటుంబాలు ఇటువంటి ప్రయత్నాన్ని దాచిపెట్టి, బతికి బయటపడినవానిని వైద్యునికి చూపకుండా ఇంట్లోనే ఉంచుతున్నవి. హరామ్ అన్నది నిజమే. బుద్ధి తప్పినవానిపై, కోలుకొనేవరకు కలం ఎత్తివేయబడినదన్నదీ నిజమే. వానిని మళ్ళీ ఆ అంచుకు పోనివ్వడం మాత్రం ఎవరికీ పుణ్యం కాదు.

ఖర్చు సంగతి. మనోరోగానికి మందులు నెలలు, ఒక్కోసారి ఏండ్లు వాడవలసి ఉంటుంది. జిల్లా ఆసుపత్రిలో దొరికేవి అక్కడే తీసుకోవచ్చు. దొరకని రోజున కూలి మనిషి మందు మానేస్తాడు, పదిరోజులలో జబ్బు తిరగబెడుతుంది. జకాత్‌కు అర్హుడైన పేదవానికి మందు కొని అతని చేతికిస్తే, హనఫీ ఫిఖ్‌హ్ కోరే ‘తమ్‌లీక్’ షరతు కూడా నెరవేరుతుంది. రమజానులో చీరలు పంచే కమిటీలు నెలకు ఇద్దరు రోగుల మందులు, బస్సు చార్జీ చూసుకోగలవు. హరారేలో ఆ యువతి ప్రాణం పోయింది బస్సు చార్జీ దగ్గరే.

సూరె నిసా అయిదవ వాక్యంలో, తమ ఆస్తిని తాము చూసుకోలేని తెలివితక్కువ వారి చేతికి ధనం అప్పగించవద్దని చెబుతూనే, వారికి తిండి, బట్ట ఇవ్వాలని, వారితో మంచిమాట మాట్లాడాలని అల్లాహ్ ఆదేశించాడు. మన సంరక్షకులు మొదటి భాగాన్ని శ్రద్ధగా అమలు చేస్తారు, ఆస్తి కాగితాలు వెంటనే చేతులు మారుతాయి. తిండి, బట్ట కూడా చాలా ఇళ్ళలో అందుతుంది. మూడవదైన మంచిమాట దగ్గరే పేచీ వస్తుంది.

కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలిమానస్ అనే టెలిఫోను సేవను ప్రారంభించింది. నంబరు 14416. పగలు, రాత్రి పనిచేస్తుంది, చార్జీ లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మసీదు నోటీసు బోర్డు మీద నమాజు వేళల క్రింద ఈ అయిదంకెలు వ్రాసి ఉంచడానికి ఒక సుద్దముక్క చాలు. ఆడవారి ప్రవేశద్వారం ఉన్నచోట అక్కడ కూడా వ్రాయాలి, ఎవరూ నిలబడి చూడని ఎత్తులో, దారినపోతూ చదువుకోగలిగేట్టు.